మొహం ఎక్కడ పడాలి

మార్చి 9, ఆదివారం

గుడ్డలు వచ్చేశాయి. నిన్న స్కూలు మైదానంలో లారీ మీద నుంచి పంచారు. ఊదా రంగు చితెంజెలు, మా ఆడవాళ్ళు చుట్టుకునే, కుట్టించుకునే అచ్చు గుడ్డలు. గుడ్డ నిండా మా దేశాధ్యక్షుడు పెద్దాయన మొహాలే, ఒక్కొక్కటి అన్నం పళ్ళెమంత. మళ్ళీ ఐదేళ్ళకి ఎన్నికలొచ్చే దాకా ఈ ఊళ్ళో ఎవరికీ ఊరికే గుడ్డ రాదు కాబట్టి ఆడవాళ్ళంతా తోసుకున్నారు. నేనూ తోసుకున్నాను. మోచేయి గీరుకుపోయింది.

చర్చి నుంచి వచ్చేసరికి నా వరండా నిండా జనం. "ఎస్నతీ, ముందు నాది." "నీదెట్లా ముందవుతుంది, నేను ప్రార్థన కూడా సగంలో వదిలేసి వచ్చాను." "వదిలేసి వచ్చావు కాబట్టే నీది ఆఖర్న." ఇక పోలింగు దాకా నాకు నడుం వాల్చే తీరిక ఉండదు.

అందరినీ అడగాల్సిన ప్రశ్న ఒకటే. మొహం ఎక్కడ పడాలి? ఎక్కడ కత్తిరించినా ఎక్కడో ఒకచోట మొహం పడుతుంది. రొమ్ము మీద సరిగ్గా మధ్యలో పడాలన్న మనిషి ఓటెయ్యడానికి పరుగున వెళ్తుంది. ఎక్కడైనా సరే అన్న మనిషి వెళ్తే వెళ్తుంది, ఎండగా ఉంటే మానేస్తుంది. వెనక, కూర్చునే చోట పడనీ అని నవ్వు ఆపుకుంటూ చెప్పేవాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. నాన్న ఇదే మిషను మీద కూర్చుని ఇదంతా చూశాడు. ఎవరు గెలుస్తారో ఆయనకి నెల ముందే తెలిసేది. ఎవరికీ చెప్పలేదు. ఎవరి నడుం పెరిగింది, ఎవరు చిక్కిపోయారు, అవి బయట పెట్టేవాడు దర్జీ కాదనేవాడు.

మార్చి 14

బంబో సంబాని వచ్చాడు, పెద్దవాళ్ళని మేం బంబో, అయ్యగారు, అనే పిలుస్తాం. మా ఊళ్ళో పెద్దాయన పార్టీకి అధ్యక్షుడు, మొక్కజొన్న మిల్లు యజమాని. చొక్కా కొలతలిచ్చి, వెళ్ళకుండా బెంచీ మీద కూలబడ్డాడు.

"ఎట్లా ఉంది గాలి?" అన్నాడు.

"ఏ గాలి?"

"అబ్బ, నీకు తెలీదా! పట్నం నుంచి సర్వే పిల్లలొచ్చారు, టై కట్టుకుని. వాళ్ళు ఎవర్నడిగినా మీకే ఓటు మీకే ఓటు అంటారు. ఆకుపచ్చ పార్టీవాళ్ళు అడిగినా అదే మాటంటారు. దర్జీకి అబద్ధం చెప్పలేరు కదా."

మాట బాగుంది. నాన్నతో ఎవరూ ఇట్లా అనలేదు. చేపలవాళ్ళ పేట మంచి ఊపు మీద ఉందని చెప్పాను. అందరికీ రొమ్ము మీదే కావాలి, లేసు కూడా తెచ్చిస్తున్నారు. మిల్లు వెనక వీధి చల్లగా ఉంది, గుడ్డ పట్టుకొచ్చిన వాళ్ళే తక్కువ. వీధుల పేర్లు చెప్పాను, అంతే. మనుషుల పేర్లు చెప్పలేదు. వీధి ఎలా ఉందో ఎవరైనా చెప్తారు.

మార్చి 20

నేను చెప్పినట్టే చేపలవాళ్ళ పేటలో సభ పెట్టారు. జనం పడవల మీదకెక్కి మరీ చూశారట. మిల్లు వెనక వీధిలో పెట్టిన సభకి మేకలే ఎక్కువట. బంబో సంబాని చల్లటి ఫాంటా సీసా పట్టుకొచ్చి నా చేతిలో పెట్టి, "రేడియో కన్నా మా ఎస్నతే ముందు" అని వీధంతా వినేట్టు అన్నాడు.

మార్కెట్లో అమాయి చిపెటా లేచి నిలబడి నన్ను పలకరించింది. ఆమె పార్టీ ఆడవాళ్ళ నాయకురాలు, అందరికీ అమాయి, అంటే అమ్మగారు; మార్కెట్ కమిటీ కూడా ఆమెదే. ఇన్నేళ్ళలో నన్ను చూసి ఒక్కసారైనా లేవలేదు. నా నడకే మారిందని నాకే తెలిసింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను.

మార్చి 23

ఫాలెసి వచ్చింది. వీపున బిడ్డ, నెత్తిన టమాటా బుట్ట, నోట్లో మాటలు. మార్కెట్లో కప్పు కింద మొదటి బల్ల ఆమెది. ముందు వాళ్ళమ్మది. ఎండ తగలదు, లోపలికొచ్చే ప్రతి మనిషీ ఆ బల్ల దాటే రావాలి. ఆమె పెళ్ళి గౌను నేనే కుట్టాను. పగిలిన టమాటాలు నాకోసం వేరే తీసి పెడుతుంది. కూర త్వరగా ఉడుకుతుందని.

మొహాలన్నీ గుండ్రంగా కత్తిరించి తీసెయ్యమంది. తీసేశాను. అవి మడిచి తనే పట్టుకెళ్ళింది. మిగిలిన ఊదా ముక్కలు అతికి బిడ్డని కట్టుకునే గుడ్డ కుట్టాలి. ఏదో చెప్తూనే ఉంది. ఆ పిల్ల ఏది తెచ్చినా దాంతోపాటు ఒక కథ తెస్తుంది. మిషను తొక్కుతూ ఊ కొట్టాను.

ఏప్రిల్ 2

జిల్లా నుంచి పార్టీ పెద్ద మనిషి ఒకాయన వచ్చాడు. కోటు, నల్ల కళ్ళద్దాలు. బంబో సంబాని ఆయన్ని నా దగ్గరికే తీసుకొచ్చాడు. చుట్టుపక్కల కొట్లవాళ్ళంతా చూస్తున్నారు. అమాయి చిపెటా కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను వీధుల సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఆవలించాడు.

"ఇవన్నీ మాకూ తెలుసమ్మా" అన్నాడు. "ఇది వినడానికా నన్ను ఇంత దూరం తీసుకొచ్చావు, సంబానీ?"

బంబో సంబాని నా వైపు చూశాడు. పరువు కాపాడమని అడిగే చూపు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి చెప్పాలి.

"మీకు తెలియనిది ఒకటుంది" అన్నాను. "మొహం రొమ్ము మీద వద్దు, వీపు మీద వద్దు, అసలు వద్దే వద్దని కత్తిరించి పారేయించుకున్న మహాతల్లి కూడా ఉందండీ మా ఊళ్ళో."

ఘొల్లున నవ్వారు. పెద్ద మనిషి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరది, ఎవరది అని అడిగారు. "పేర్లు చెప్పేవాళ్ళు దర్జీలు కారండీ" అన్నాను. దానికీ నవ్వారు. ఇంతకన్నా ఏమీ జరగలేదు.

ఏప్రిల్ 3

పేరు చెప్పలేదు.

ఏప్రిల్ 11

ఫాలెసి బల్ల తీసేశారు. కమిటీ నిర్ణయమట. ఇప్పుడక్కడ అమాయి చిపెటా చెల్లెలు క్యాబేజీలు పేర్చుకుని కూర్చుంది. ఫాలెసి బస్సులు ఆగే చోట రోడ్డు పక్కన గోనె పరుచుకుంది. నెత్తిన ఎండ, పక్కన దుమ్ము, వీపున బిడ్డ. మార్కెట్ ఆడవాళ్ళు ఆమెని "మొహాలు కోసిన మనిషి" అంటున్నారు. ఆమె దగ్గర టమాటాలు కొంటే చిపెటాకి కోపమొస్తుందని చూసీ చూడనట్టు దాటిపోతున్నారు.

నేను వెనక దారిన వచ్చాను. ఉల్లిపాయలు కొనడం మర్చిపోయాను.

ఏప్రిల్ 12

మార్కెట్లో బల్లలు మారుతూనే ఉంటాయి. కమిటీ అన్నాక ఎవరినో ఒకరిని లేపుతుంది. కిందటేడు కోడిగుడ్ల ముసలాయన్ని కూడా లేపారు కదా. అప్పుడు నేనేం చెప్పాను, ఎవరికి చెప్పాను?

ఏప్రిల్ 15

జిల్లా మనిషి వచ్చిన రోజు ఫాలెసి గుడ్డ తాడు మీద ఆరేసి ఉంది, కొసన ఆమె పేరు రాసిన చీటీ గుచ్చి. కుట్టాక ఉతికి ఆరేయడం నా అలవాటు. మొహాలు లేని ఊదా గుడ్డ మొత్తం వరండాలో అదొక్కటే. ఎవరది అని వాళ్ళు అడిగినప్పుడు నేను అటు చూశానేమో.

చూశాను.

ఏప్రిల్ 19

ఫాలెసి గుడ్డ తీసుకెళ్ళడానికి వచ్చింది. ఇన్నాళ్ళూ బల్ల గొడవలో తీరిక లేకపోయిందట. అదే నవ్వు, మొహం మాత్రం ఎండకి కమిలిపోయింది. నాకోసం పగిలిన టమాటాలు తెచ్చింది. బిడ్డని నా ఒళ్ళో పడేసి బెంచీ మీద కూర్చుంది.

"అక్కా, ఒక్క పని చేసిపెడతావా?"

"చెప్పు."

"బంబో సంబానితో ఒక్క మాట చెప్పవా? మేమెవరం చెప్పినా వినడు. నీ మాటంటే ఆయనకి గురి. ఇదే బెంచీ మీద కూర్చుంటాడు కదా. నేను పార్టీకి ఎదురు తిరిగిన మనిషినా, నువ్వే చెప్పు. గుడ్డ కత్తిరించింది నువ్వు. ఎందుకు కత్తిరించమన్నానో నీకు తెలుసు."

"తెలుసులే" అన్నాను.

"తెలుసు కదా మరి."

చెప్తానన్నాను. ఆమె నా వైపు చాలాసేపు చూసింది. నేను బిడ్డ బొడ్డు చూస్తూ కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు బిడ్డని ఆ కొత్త గుడ్డతోనే వీపున కట్టుకుంది. అతుకులు బాగా కుదిరాయి. ఎంత చెడ్డా పనిలో నాకు వంక పెట్టలేరు.

ఇక రాయక తప్పదు. ఆ రోజు మిషను చప్పుడులో ఫాలెసి మాటలు వినపడలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఒక్క ముక్క కూడా పోకుండా విన్నాను. "అక్కా, వీడు రోజంతా నా వీపు మీద ఉచ్చ పోస్తూనే ఉంటాడు. పెద్దాయన మొహం మీద పోయించనా, పాపం కదా! మొహాలు జాగ్రత్తగా తీసి ఇవ్వు, మా ఇంట్లో గుమ్మానికి ఎదురుగా గోడకి పెట్టుకుంటాను. వచ్చినవాళ్ళందరూ ముందు ఆయన్నే చూడాలి." ఇదీ ఆమె చెప్పిన కథ. మా ఊళ్ళో ఆ గుడ్డకి అంత మర్యాద ఇచ్చిన మనిషి ఇంకొకరు లేరు. అది తెలిసే, ఆ సగం దాచి, ఈ సగం చెప్పాను. ఒక కోటు మనిషి ఆవలిస్తే ఓర్చుకోలేకపోయాను.

ఏప్రిల్ 23

మిల్లు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. పంట ఇళ్ళకొస్తోంది, అందరూ పిండి పట్టించుకోవడానికే. ఇంతమందిలో ఏం మాట్లాడతాం.

ఏప్రిల్ 28

వెళ్ళలేదు.

మే 2

ఫాలెసి బిడ్డకి ఒళ్ళంతా చెమటకాయలు. రోడ్డు పక్కన కూర్చుని చితెంజె అంచుతో విసురుతోంది. నాకు అక్కర్లేకపోయినా బుట్ట నిండా కొన్నాను. ఆమె కొసరు కూడా వేసింది. వద్దంటే వినలేదు.

"వెళ్ళావా అక్కా?"

"ఈ వారం వెళ్తాను. పని నెత్తిన పడి ఊపిరాడటం లేదు."

"అవునులే, ఎన్నికల ముందు నీకు తీరికెక్కడిది."

వెటకారమేమోనని మొహం చూశాను. వెటకారం కనపడలేదు. ఉంటే బాగుండేది, నేనూ ఓ మాట అనేసి వచ్చేదాన్ని. ఇంటికొచ్చాక ఆ టమాటాలన్నీ ఏం చేసుకోవాలో తెలియక పక్కింటివాళ్ళకి పంచాను.

మే 4

ఇవాళ కుట్టిన రవికల మీద మొహాలన్నీ వంకరగా పడ్డాయి. రెండు విప్పి మళ్ళీ కుట్టాను. ఇట్లా ఎప్పుడూ జరగలేదు.

మే 9

వెళ్ళాను.

బంబో సంబాని మిల్లు వెనక పిండి దుమ్ములో కూర్చుని న్సిమ, అదే మొక్కజొన్న ముద్ద, ఎండు చేపలతో తింటున్నాడు. నన్నూ తినమన్నాడు. చేతులు కడుక్కుని ఒక ముద్ద తీసుకున్నాను. దారంతా కూడబలుక్కున్నదంతా పోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఫాలెసి మొహాలు పారేయలేదు, గోడకి పెట్టుకుంది, కావాలంటే వెళ్ళి చూడండి, తప్పు నాది, నేనే తమాషాకి అట్లా తిప్పి చెప్పాను అన్నాను.

ఆయన నమలడం ఆపలేదు.

"అయితే మన పిల్లేనా! చూశావా మరి, నేననుకుంటూనే ఉన్నా. వాళ్ళమ్మ కూడా మన పార్టీయే."

"బల్ల తిరిగి ఇప్పించండి."

"ఇప్పుడా?" పెద్దగా నవ్వాడు. "పిచ్చిదానా, చెల్లెలికి బల్ల కావాలని చిపెటా ఆరు నెలల నుంచీ నా ప్రాణం తోడేస్తోంది. ఎవర్ని లేపాలో తెలీక నేను సతమతమైపోతుంటే దేవుడిలా నువ్వు చెప్పావు. ఇప్పుడు చిపెటాని కదిపితే సభల్లో ఎవరాడతారు, ఎవరు పాడతారు? నువ్వు పాడతావా?"

"అయితే ఆ పిల్ల ఎండలోనే ఉండాలా?"

చెయ్యి నాక్కుంటూ ఆలోచించాడు. "సరే, నీకోసం ఒక పని చేస్తాను. వెనకాల కూర్చునే చోట మొహం కుట్టించుకున్నవాళ్ళు కూడా ఉంటారు కదా మార్కెట్లో? ఒక్కళ్ళ పేరు చెప్పు. ఆ బల్ల ఖాళీ చేయించి ఫాలెసికి ఇప్పిస్తాను. ఎల్లుండికల్లా."

మంచి పని చేస్తున్న మొహంతోనే అన్నాడు. ఆయనకి అందులో తప్పేమీ కనపడలేదు. నాకు పేరు తెలుసు. ఉల్లిపాయల లిజినెటి. ఫాలెసి బల్ల పక్క బల్లే ఆమెది. తొందరేం లేదు, ఎన్నికలయ్యాకే కుట్టమని గుడ్డ ఇచ్చినప్పుడు, "ఆయన ఐదేళ్ళు మా నెత్తిన కూర్చున్నాడు, ఇప్పుడు నేను ఆయన మీద కూర్చుంటా" అని పడీపడీ నవ్వింది. ఆ పేరు నా నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క మాటతో ఫాలెసి నీడలోకి వస్తుంది. బిడ్డ ఒళ్ళు చల్లబడుతుంది. నా దిగులూ తీరుతుంది.

"అట్లాంటివాళ్ళు ఎవరూ లేరు" అన్నాను.

"అంతా రొమ్ము మీదేనా?" ఆయన సంబరపడిపోయాడు. "అయితే ఈసారి ఊడ్చేస్తాం!"

వాకిలి దాటాక, ఈసారి చెప్పలేదు కదా అని నన్ను నేనే మెచ్చుకుంటూ నడిచాను. సిగ్గులేని మనిషిని. వెళ్ళింది ఎందుకు, చేసుకొచ్చిందేమిటి?

మే 10

"వెళ్ళావా అక్కా?"

"వెళ్ళాను. ఆయన లేడు."

ఎందుకట్లా అన్నానో తెలియదు. తెలుసు. వెళ్ళి ఏం చెప్పావని అడుగుతుంది. తప్పు నాదని చెప్పానని చెప్పాలి.

మే 13

ఆకుపచ్చ పార్టీవాళ్ళు కూడా గుడ్డలు పంచారు. మొహం చిన్నది, అరచేయంత. కుట్టించుకోవడానికి ఎవరెవరు వచ్చారో రాయబోయి ఆగిపోయాను. ఇకమీదట ఎక్కడా రాయను కూడా.

బంబో సంబాని వచ్చి బెంచీ మీద కూర్చుని ఎట్లా ఉంది గాలి అన్నాడు. తలనొప్పిగా ఉందన్నాను. నిజంగానే ఉంది.

మే 20, మంగళవారం

పోలింగు. తెల్లారకముందే స్కూలు దగ్గర వరస కట్టారు. చలికి అందరూ రెండేసి చితెంజెలు కప్పుకున్నారు. వరసలో అందరికన్నా ముందు ఫాలెసి. వీపున బిడ్డ, ఆ ఊదా గుడ్డలోనే. ఆమె వెనక నిలబడాల్సిన ఆడవాళ్ళు అంటుకోకుండా దూరం జరిగి నిలబడ్డారు. మధ్యలో మనిషి పడుకునేంత ఖాళీ. చివర్లో నిలబడిన నాకు కూడా ఆ ఖాళీ కనపడుతూనే ఉంది.

"మొహాలు కోసినావిడ ఎవరికి గుద్దుతుందో అడక్కర్లేదు" అని ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఫాలెసి వెనక్కి తిరగలేదు. బిడ్డ పిర్రల మీద తడుతూ నిలబడింది.

ముందెళ్ళి ఆ ఖాళీలో నిలబడదామనుకున్నాను. వరస తప్పితే పోలీసు అరుస్తాడని ఆగిపోయాను. పోలీసు చింత చెట్టు కింద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

బయటికొచ్చేటప్పుడు ఆమె సిరా పూసిన వేలు పైకెత్తి నాకు చూపించింది. ఉత్సాహం ఎవరికుందో చెప్పగలనని బెంచీ వేసుకుని కూర్చున్నదాన్ని నేను.

మే 24

పెద్దాయనే గెలిచాడు. రేడియోలో చెప్పగానే మార్కెట్ అంతా రోడ్డు మీదకొచ్చింది. అమాయి చిపెటా పాట ఎత్తుకుంది, ఆడవాళ్ళంతా నడుములూపుతూ ఆడారు. ఫాలెసి గోనె సంచి మీద టమాటాలు వదిలేసి వచ్చి చివర్న ఆడింది. నిజంగా సంతోషంగా ఆడింది. చిపెటా చెల్లెలు వెనక నుంచి ఆమె గుడ్డ కొంగు పట్టి లాగి, "ఏవమ్మా మొహాలు? గెలిచాక అతికించుకుంటావా?" అంది. అందరూ నవ్వారు. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చాడు.

ఫాలెసి ఆట ఆపి బిడ్డని ముందుకి తిప్పుకుని టమాటాల దగ్గరికి వెళ్ళిపోయింది. నేను చప్పట్లు కొడుతున్నాను. చేతులు ఆగలేదు.

మే 25, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. ఫాలెసి ఇంటికి వెళ్ళాను.

గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురుగా ఆ మొహాలు. గుండ్రంగా, నా కత్తెర అంచులే. పిండి జిగురుతో గోడకి అతికించి చుట్టూ ఎర్రమట్టితో అంచు దిద్దింది. కింద ఫాలెసి పొయ్యి ముందు న్సిమ కలుపుతోంది. కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను. జిల్లా మనిషి రావడం, ఆవలించడం, నా నోరు, నా చూపు, బంబో సంబాని దగ్గరికి వెళ్ళి వచ్చి లేడని చెప్పడం, అన్నీ. లిజినెటి పేరు ఒక్కటి చెప్పలేదు.

ఆమె గరిటె ఆపలేదు. పిండి గట్టిపడుతోంది, ఆపితే అడుగంటుతుంది.

"తెలుసక్కా" అంది.

"ఎప్పటి నుంచి?"

"బల్ల లాక్కున్న రోజు నుంచీ. మొహాలు కోసిన మనిషి అని నన్ను పిలిచినప్పటికి ఆ గుడ్డ నీ దగ్గర నుంచి నేనింకా తెచ్చుకోనేలేదు. మొహాలు కోసింది నువ్వు, ఇంటికి తెచ్చుకుంది నేను. మధ్యలో ఇంకెవరున్నారు?"



"మరి సంబాని దగ్గరికి నన్ను వెళ్ళమన్నావేం?"

"చెప్తావేమోనని." గరిటె అంచు గిన్నెకేసి కొట్టింది. "బల్ల ఇప్పిస్తావని కాదు. నాతో చెప్తావేమోనని. ప్రతిసారీ, ఇవాళ చెప్తుంది, ఇవాళ చెప్తుంది అనుకుంటూ వచ్చేదాన్ని. నువ్వేమో టమాటాలు కొనేదానివి."

ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాలి, అదెక్కడి న్యాయం. ఆపుకున్నాను.

"నన్ను తిట్టు ఫాలెసీ."

"తిడితే నీకు హాయిగా ఉంటుంది. నాకేమొస్తుంది?" అంది. "ఇప్పుడు నువ్వు చెప్పిందంతా నాకు తెలిసిందే. తెలియనివాళ్ళు మార్కెట్లో ఉన్నారు. మంగళవారం సంత. నా బల్ల ముందు నిలబడి, ఇప్పుడు చెప్పినట్టే, ఇంతే గట్టిగా చెప్పు."

తినమని అనలేదు. నేను ఈ ఇంట్లో తినకుండా బయటికి రావడం ఇదే మొదటిసారి.

మే 26

సంతలో చెప్తే ఇక నా దగ్గర ఎవరు కుట్టించుకుంటారు? ఫాలెసి ఆ సంగతి ఆలోచించిందా? ఆలోచించే ఉంటుంది.

మే 27, మంగళవారం

చెప్పాను.

సంత మంచి జోరు మీద ఉన్నప్పుడు కప్పు కిందికి వెళ్ళి మొదటి బల్ల ముందు నిలబడ్డాను. చిపెటా చెల్లెలు క్యాబేజీ కొంటాననుకుని ఒకటి చేతిలోకి తీసింది. నేను వెనక్కి తిరిగి గట్టిగా మాట్లాడాను. ఫాలెసి ఏమన్నదో, ఎందుకు అన్నదో, నేను అందులో ఏ సగం దాచి ఏ సగం చెప్పానో, ఎవరి ముందు చెప్పానో, ఎందుకు చెప్పానో. నాకు పొగడ్త కావాల్సి వచ్చి చెప్పానన్నాను. ఆమె ఇంటికి వెళ్ళి గోడ చూసి రమ్మన్నాను. దూరంగా రోడ్డు మీద ఫాలెసి తన గోనె దగ్గర లేచి నిలబడి ఉంది, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని.

ముందు చేపలమ్మే ఆమె, "ఉచ్చ పోస్తాడనా?" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. "నిజమే కదమ్మా, మా వాడూ అంతే. నాకా సంగతే తట్టలేదు." నవ్వు బల్ల నుంచి బల్లకి పాకింది. ఇది ఆ నవ్వు కాదు. లిజినెటి తన ఉల్లిపాయల గంపలు రెండూ పక్కకి లాగి, సగం బల్ల ఖాళీ చేసి, రోడ్డు వైపు అరిచింది. "ఏయ్ ఫాలెసీ! ఎంతసేపు మాడిపోతావక్కడ? రా ఇటు. చిపెటా వస్తే నేను చూసుకుంటా."

ఫాలెసి బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. నా పక్క నుంచే వెళ్ళింది. ఆ సగం బల్ల మీద టమాటాలు పేర్చడం మొదలుపెట్టింది. నా గుండె మీద నుంచి బండ దిగినట్టయింది. ఇంక ఇంటికి వెళ్ళొచ్చనుకున్నాను.

అప్పుడు లిజినెటి నా వైపు తిరిగింది.

"అయితే ఎస్నతీ, నా గుడ్డ గురించి ఏం చెప్పావు?"

నవ్వులు ఆగిపోయాయి. కప్పు కింద ఉన్న ప్రతి ఆడదీ నన్నే చూస్తోంది. వీళ్ళలో నేను కొలతలు తీయని నడుం ఒక్కటీ లేదు.

"నీ గురించి నేనేమీ చెప్పలేదు" అన్నాను. నిజం. అడిగారు, చెప్పలేదు. ఈ మూడు నెలల్లో నేను చేసిన మంచి పని అదొక్కటే.

లిజినెటి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. కోపంగా కూడా కాదు, కుళ్ళిన ఉల్లిపాయ ఉందేమోనని గంపలోకి చూసినట్టు చూసింది.

"సాయంత్రం వచ్చి నా గుడ్డ తీసుకెళ్తా" అంది. "కుట్టకపోయినా పర్లేదు. ఉన్నది ఉన్నట్టు ఇచ్చెయ్."

"నాది కూడా" అంది చేపలామె.